నీరసానికి మందు, బీమాకు అందని ఖర్చు: సూరత్ తెలుగు కార్మికుల ముందున్న దారులు

సూరత్ మరమగ్గాలతో బతికే తెలుగువారిలో పద్మశాలీలే ఎక్కువ. తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వెళ్లినవారు లింబాయత్, ఉధ్నా పరిసరాల్లో స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ వారి పిల్లల కోసం తెలుగు మాధ్యమం బడులూ నడుపుతోంది. మగ్గాల షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టు మామూలే. పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు మారుతూ ఉంటాయి. ఈ పనిలో ఒంట్లో ఓపిక లేకపోవడాన్ని చాలామంది జబ్బుగా లెక్కించరు. లెక్కించి డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి చేతిలో చీటీ, ఎదురుగా మందుల దుకాణం బిల్లు.

నీరసం లక్షణమే తప్ప జబ్బు కాదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, మధుమేహం, క్షయ, బి12 లోపం, కుంగుబాటు, చాలని నిద్ర... వీటిలో ఏదైనా కారణం కావచ్చు. థైరాక్సిన్, ఐరన్ మాత్రల వంటివి చౌకే. ఖరీదు పెరిగేది ఎక్కువగా రెండు చోట్ల. మాత్రలు పడనివారికి నరానికి ఎక్కించే ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఇంజెక్షన్ ఒకటి. 2023 అక్టోబరులో దాని పేటెంట్ గడువు ముగిశాక మరిన్ని కంపెనీలకు దారి తెరుచుకుంది. కాబట్టి చీటీలో రాసిన బ్రాండు ధరను చూసి ఆగిపోకుండా వేరే కంపెనీ మందు రాయగలరా అని డాక్టరును అడగవచ్చు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఐరన్ సుక్రోజ్‌తో పని జరుగుతుందేమో కూడా అడగాలి. రెండోది మోడాఫినిల్. నార్కోలెప్సీకి, నిద్రలో శ్వాస ఆగే జబ్బు వల్ల వచ్చే మగతకు, షిఫ్టు పనివాళ్ల నిద్ర సమస్యకు వాడే మందు ఇది. మెలకువగా ఉంచుతుందే గానీ రక్తహీనతనో థైరాయిడ్‌నో నయం చేయదు. గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని కూడా తగ్గిస్తుంది. రాత్రి షిఫ్టు గడవడానికి దుకాణంలో అడిగి కొనుక్కోవడం డబ్బూ ఒళ్లూ రెండూ పోగొట్టుకోవడమే.

బీమా మాటకొస్తే ఆయుష్మాన్ కార్డు మీద చాలామందికి లేనిపోని నమ్మకం ఉంది. గుజరాత్‌లో 2023 జులై నుంచి ఆ పథకం పరిమితి ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయలు. కానీ అది ఆస్పత్రిలో చేరితేనే వర్తిస్తుంది. చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు అందులో కలుస్తాయి. నెలనెలా వాడే మాత్రలకు పైసా రాదు.

మందుల ఖర్చుకు నిజంగా ఆసరా అయ్యేది ఈఎస్ఐ. నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి ఓపీ చికిత్స, మందులు ఉచితం. 15,000 జీతగాడి వాటా 0.75 శాతం, అంటే 112 రూపాయల 50 పైసలు. యజమాని 3.25 శాతం కింద 487 రూపాయల 50 పైసలు కట్టాలి. పని చేయలేని రోజులకు, అర్హత ఉంటే, ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం వేతనమూ వస్తుంది. చిక్కంతా ఇక్కడే. పది మందిలోపు చూపించే షెడ్డుకు, మీటరు లెక్కన కూలి తీసుకుంటూ మస్టర్‌లో పేరు లేని పనివాడికి ఇది అందదు. మందు ఖరీదు కన్నా యజమాని ఎగ్గొట్టే ఆ నాలుగొందల చిల్లరే అసలు సమస్య.

పేరు లేనివారికి మిగిలేది మజురా గేట్ దగ్గరి కొత్త సివిల్ ఆస్పత్రి, నగరపాలక సంస్థ నడిపే స్మిమర్, పట్టణ ఆరోగ్య కేంద్రాలు. అక్కడ దొరకని మందులకు జన్ ఔషధి కేంద్రాలు ఉన్నాయి. అయితే డాక్టరు బ్రాండు పేరు రాస్తే దుకాణదారు తనంతట తాను మార్చి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. జనరిక్ పేరే రాయాలన్న 2023 నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధన ఆ నెలలోనే ఆగిపోయింది. అందుకని చీటీ రాసే బల్ల దగ్గరే, మందు అసలు పేరు కూడా రాయమని అడగడం మంచిది.