సీజరు కాలి మీద పడిన ఆయుధాలు

మా మనుమడు ఒకనాడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతూ ఒక బొమ్మల పుస్తకం తెచ్చి నా ఒడిలో పెట్టాడు. ఫ్రెంచి భాషలో గొసినీ రచించగా ఉడెర్జో బొమ్మలు వేసిన ఆస్టరిక్స్ కథకు ఆంగ్లానువాదమది. 1959లో ఒక పత్రికలో ధారావాహికగా మొదలైంది. క్రీ.పూ. 50లో గాల్ దేశమంతా రోమనుల వశమైనా, ఒక్క పల్లె మాత్రం తమ గురువు కాచిన కషాయం బలంతో లొంగక నిలిచిందన్నది ఇతివృత్తం. మొదటి పుటలోనే ఓడిన గాల్ నాయకుడు వెర్సింగెటోరిక్స్ తన ఆయుధాలను సీజరు పాదాల ముందు కాక, సరిగ్గా పాదాల మీద పడవేస్తాడు. విజేత బాధతో కేక పెడతాడు. నేనూ నవ్వాను.

"తాతయ్యా, తరువాత అతనేమయ్యాడు?" అన్నాడు వాడు. నా నవ్వు ఆగిపోయింది.

క్రీ.పూ. 52లో గెర్గోవియా వద్ద సీజరును వెనుకకు మళ్ళించిన ఆ యువకుడు, ఆ సంవత్సరంలోనే అలేసియా కొండకోటలో చిక్కుకున్నాడు. సీజరు కోట చుట్టూ 11 రోమను మైళ్ళ పొడవున ఒక ముట్టడి వలయం, వెలుపలి నుండి వచ్చే సేనను అడ్డుకొనడానికి 14 మైళ్ళ మరొక వలయం కట్టించాడు. లోపల 80,000 మంది యోధులు. ధాన్యం 30 రోజులకు చాలీచాలనంత. తిండి తరిగిన పిమ్మట, తమకు ఆశ్రయమిచ్చిన ఆ ఊరి మాండుబీ ప్రజలనే యోధులు ఆలుబిడ్డలతో సహా బయటకు పంపివేశారు. బానిసలుగానైనా స్వీకరించి ఇంత అన్నం పెట్టమని వారు రోమనులను ఏడ్చి వేడుకున్నారు. సీజరు రానివ్వలేదు. ఈ సంగతి సీజరే తన గ్రంథంలో రాసుకున్నాడు. రెండు సేనల నడుమ వారు దిక్కులేక మరణించారని తరువాతి చరిత్రకారుడు డయో కాసియస్ చెప్పాడు.

వెర్సింగెటోరిక్స్ సుమారు 6 సంవత్సరాలు చెరలో మగ్గాడు. క్రీ.పూ. 46లో రోము వీథులలో జయోత్సవంలో ఊరేగించి అతనిని వధించారు.

ఈ వరుసలోనే 1968లో వచ్చిన మరొక పుస్తకంలో గెర్గోవియా పేరెత్తితే గాల్ ప్రజలు పొంగిపోతారు. అలేసియా పేరెత్తితే మాత్రం, అదెక్కడుందో తమకు తెలియదని మండిపడతారు. గెలుపును తలచుకొని, ఓటమిని మరచినట్లు నటించడం ఏ జాతికి తెలియని విద్య?

భరతుడు శృంగారం నుండి హాస్యం, రౌద్రం నుండి కరుణం పుడతాయన్నాడు. భాషాప్రవీణ చదివే రోజులలో వల్లె వేసిన మాట అది. ఈ పుస్తకంలో నాకు కరుణం నుండే హాస్యం పుట్టడం కనిపించింది. ఏడవవలసిన చోటనే ఆ ఇద్దరూ నవ్వించారు.

మనుమడికి చెర సంగతి, వధ సంగతి చెప్పాను. మాండుబీల పిల్లల సంగతి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. వాడు మళ్ళీ ఆ మొదటి పుట తీసి కాసేపు చూశాడు.

"అయితే ఇంకా గట్టిగా విసరవలసింది, తాతయ్యా" అన్నాడు.