అటవీ నిఘా నుండి రాజధాని వివాదం వరకు: ఖమ్మం–భద్రాచలం సరిహద్దు, నిఘా అధిపతుల నియామకం

1. ఉపోద్ఘాతం

రాష్ట్ర నిఘా వ్యవస్థలోని ఉన్నత పదవికి ప్రభుత్వం ఎవరిని, ఏ ప్రాతిపదికపై ఎంపిక చేయాలన్న అంశం రెండు తెలుగు రాష్ట్రాలలోనూ వివాదాస్పదమైంది. ఈ వివాదాలను సాధారణంగా పార్టీల మధ్య వైరంగానే చూస్తున్నారు. అయితే వీటి వెనుక దీర్ఘమైన చరిత్ర ఉంది. ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు వంటి ప్రాంతాలలో నిఘా వ్యవస్థకు అలవడిన గోప్యత, వ్యక్తిగత విశ్వాసం అనే రెండు లక్షణాలు క్రమంగా నియామకాలకూ ప్రమాణాలయ్యాయి. ఆ పరిణామాన్ని వివరించడమే ఈ వ్యాసం లక్ష్యం.

2. సరిహద్దు: నిఘా పెరిగిన నేల

1948 సెప్టెంబరు సైనిక చర్య తరువాత తెలంగాణ సాయుధ పోరాట దళాలు గోదావరి తీరపు అడవులలోకి తరలాయి. 1970వ దశకంలో చండ్ర పుల్లారెడ్డి వర్గం గోదావరి లోయలో పనిచేసింది. 1980లో ఏర్పడిన పీపుల్స్‌వార్ దళాలు గోదావరి దాటి దండకారణ్యంలో ప్రవేశించాయి. చర్ల, దుమ్ముగూడెం మండలాలు ఆ రాకపోకలకు ద్వారాలయ్యాయి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక నిర్వాసితులైన ఆదివాసీ కుటుంబాలు ఈ అడవులకే వలస వచ్చాయి.

ఇటువంటి భూభాగంలో బలగాల సంఖ్య కన్నా సమాచారానికే విలువ ఎక్కువ. 1989లో కె.ఎస్. వ్యాస్ నేతృత్వంలో గ్రేహౌండ్స్ ఏర్పడినప్పటి నుండి దాని దాడులకు ముందస్తు సమాచారమే ఆధారం. మావోయిస్టు కార్యకలాపాలపై సమాచార సేకరణ ప్రత్యేక నిఘా విభాగం బాధ్యత. సమాచారమిచ్చిన వ్యక్తి పేరు బయటపడితే ప్రాణం పోయే పరిస్థితి కనుక ఆ పేరు సంబంధిత అధికారికి మాత్రమే తెలిసేది. ఫలితంగా వ్యవస్థ జ్ఞాపకం దస్త్రాలలో కాక వ్యక్తులలో నిలిచింది. అనుభవజ్ఞుడైన అధికారి వెళ్లిపోతే ఆ జ్ఞాపకమూ వెళ్లిపోతుందన్న భయం ఏర్పడింది. నిఘా అధికారిని అనివార్యుడిగా భావించే ధోరణికి మూలం ఇదే.

3. తెలంగాణ: విరమణానంతర నియామకం

ప్రత్యేక నిఘా విభాగానికి నాయకత్వం వహించిన టి. ప్రభాకరరావు 2020లో ఉద్యోగ విరమణ చేసిన తరువాత కూడా ప్రభుత్వం ఆయనను ప్రత్యేకాధికారి హోదాలో అదే బాధ్యతలో కొనసాగించింది. 2023 డిసెంబరు 3న ఎన్నికల ఫలితాలు వెలువడి ప్రభుత్వం మారడం ఖాయమైన మరునాడే ఆయన రాజీనామా చేశారు. 2024 మార్చిలో పంజాగుట్ట పోలీసు స్టేషన్‌లో కేసు నమోదైంది. మావోయిస్టులపై నిఘా పేరుతో రాజకీయ ప్రత్యర్థులు తదితరుల ఫోన్లను విన్నారని, ఆధారాలను ధ్వంసం చేశారని అందులోని ప్రధానారోపణలు. ప్రభాకరరావు వాటిని ఖండించారు. 2025 జూన్‌లో అమెరికా నుండి తిరిగివచ్చి ప్రత్యేక దర్యాప్తు బృందం ఎదుట హాజరయ్యారు.

ఆరోపణల నిజానిజాలను తేల్చవలసింది న్యాయస్థానాలు. నియామక విధానంపై ప్రశ్న మాత్రం తీర్పుతో నిమిత్తం లేకుండానే నిలుస్తుంది. సర్వీసులోని అధికారికి నిర్ణీత పదవీకాలం, క్రమశిక్షణ నియమాలు ఉంటాయి. విరమణానంతర నియామకం నియమించిన ప్రభుత్వ ఇష్టంపైనే ఆధారపడుతుంది.

4. ఆంధ్రప్రదేశ్: 2019 బదిలీ వివాదం

2014లో కూనవరం, చింతూరు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవడంతో ఇదే అడవి రెండు రాష్ట్రాల నిఘా పరిధిలోకి వచ్చింది. అక్కడ వివాదం మరో రూపం ధరించింది. 2019 సార్వత్రిక ఎన్నికల వేళ, మార్చి 26న, నిఘా విభాగాధిపతి ఎ.బి. వెంకటేశ్వరరావును బదిలీ చేయాలని ఎన్నికల సంఘం ఆదేశించింది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 28-ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల విధులకు నియుక్తులైన పోలీసు అధికారులు సంఘం నియంత్రణలో ఉంటారు. నిఘా అధిపతి ఆ కోవలోకి రారన్నది రాష్ట్ర ప్రభుత్వ వాదన. హైకోర్టు ప్రభుత్వ అభ్యర్థనను తోసిపుచ్చడంతో బదిలీ అమలయింది. ఒక అధికారి కోసం ప్రభుత్వం రాజ్యాంగ సంస్థతో న్యాయపోరాటానికి దిగిందంటే ఆ పదవికి ఉన్న రాజకీయ విలువ స్పష్టమవుతుంది.

5. చట్టంలోని ఖాళీ

ప్రకాశ్ సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు డి.జి.పి. ఎంపికకు యు.పి.ఎస్.సి. రూపొందించే ముగ్గురి జాబితాను, కనీసం రెండేళ్ల పదవీకాలాన్ని నిర్దేశించింది. జోన్, రేంజ్, జిల్లా, స్టేషన్ అధికారులకూ కనీస పదవీకాలం సూచించింది. నిఘా అధిపతి ఎంపికకు అటువంటి జాబితా లేదు. ఫోన్ల విషయంలో 1996 నాటి పి.యు.సి.ఎల్. తీర్పు, 2007లో టెలిగ్రాఫ్ నియమాలలో చేరిన 419-ఎ హోంశాఖ కార్యదర్శి అనుమతిని, ప్రధాన కార్యదర్శి నేతృత్వంలో సమీక్షను విధించాయి. నిఘా అధిపతిని ఎంచుకున్న ప్రభుత్వమే ఈ ఇద్దరినీ నియమిస్తుంది. కనుక మూడు తాళాలూ ఒకే చేతిలో ఉన్నట్లయింది.

6. ముగింపు

సమాచారమిచ్చే ఆదివాసీ ప్రాణరక్షణకు గోప్యత తప్పనిసరి. ఆ సమాచారాన్ని ఏలే అధికారి ఎంపికకు అదే గోప్యతను వర్తింపజేయడం సమర్థనీయం కాదు. మొదటిది మనిషిని కాపాడుతుంది, రెండవది అధికారాన్ని కాపాడుతుంది. ఈ రెండింటినీ వేరుచేసి, నిఘా అధిపతి ఎంపికకు జాబితాను, నిర్ణీత పదవీకాలాన్ని, విరమణానంతర కొనసాగింపుపై నిషేధాన్ని చట్టం ద్వారా నిర్ణయించనంత కాలం ప్రభుత్వం మారిన ప్రతిసారీ ఈ వివాదం పునరావృతమవుతూనే ఉంటుంది.