గోపీచంద్ మోకాలు, నా మోకాలు

టెన్త్‌లో ఉన్నప్పుడు మా వినుకొండలో కబడ్డీ ఆడుతుంటే నా మోకాలు టప్‌మంది. పసుపు పట్టు వేసుకుని నాలుగో రోజే మళ్లీ కూతకెళ్లా. ఇప్పటికీ మెట్లు దిగితే నొప్పే.

ఇప్పుడు పుల్లెల గోపీచంద్ గారి కథ వినండి. 1973లో ప్రకాశం జిల్లా నాగండ్లలో, అంటే మన పక్క జిల్లాలోనే పుట్టారు. 1994 పుణె జాతీయ క్రీడల్లో ఆయన మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్లు, విశ్రాంతి, మళ్లీ ఓపిగ్గా సాధన. 2001 మార్చి 11న చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. 1980లో ప్రకాశ్ పదుకొనే తర్వాత ఇండియాకి అదే!

ఆయనకి పట్టుదల ఉంది, నిజమే. కానీ ముందు వైద్యం జరిగింది. నాకు జరగలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మోకాలు టప్‌మని వాచిందా? ఆట ఆపెయ్యండి. ఎక్స్‌రేలో లిగమెంట్ కనపడదు. ఎముకల డాక్టర్‌కి చూపించండి.