వేట విల్లుకి పీప్ సైట్ ఎంచుకోవడం

కాంపౌండ్ విల్లు అల్లెతాడులో, కంటికి ఎదురుగా బిగించే చిన్న రింగే పీప్ సైట్. తుపాకికి వెనక సైట్ ఎలాగో దీనికి ఇది అలాగ. ఇక్కడ అమెరికాలో ఆఫీసు మిత్రులతో జింకల వేటకి వెళ్ళే మనవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

షాపుల్లో ఎక్కువగా దొరికేవి 1/8, 3/16, 1/4 అంగుళం రంధ్రాలు. పట్టపగలు టార్గెట్ మీద ప్రాక్టీసుకి చిన్నదే బాగుంటుంది. కానీ జింకలు ఎక్కువగా తిరిగేది తెల్లవారుజామున, మునిమాపున. ఆ మసక వెలుతురులో 1/8 లోంచి చూస్తే వెలిగే పిన్ను కనిపిస్తుంది గానీ జింక సరిగా ఆనదు. అందాజుగా వదిలిన బాణం జంతువుని చంపకుండా గాయపరిచి వదిలేస్తుంది. అందుకే వేటకి నా ఓటు 1/4కే, మహా అయితే 3/16కి.

రంధ్రం పెద్దదైతే గురి చెడుతుందంటారు. ముందున్న సైటు గుండ్రటి చట్రం పీప్ వలయంలో సరిగ్గా ఇమిడితే ఆ భయం అక్కర్లేదు. విల్లు పూర్తిగా లాగి, ఇది చూసుకున్నాకే కొనండి.

రబ్బరు ట్యూబు రకం పీప్‌ని కంటివైపు తిప్పి ఉంచుతుంది. అయితే ట్యూబు పాతబడితే తెగుతుంది. ట్యూబు లేనిదే నాకు నచ్చుతుంది, కాకపోతే కొత్త తాడు సాగి సర్దుకునేదాకా పీప్ పక్కకి తిరుగుతూ ఉంటుంది. సీజన్‌కి ముందే బిగించుకోండి.

ఎత్తు కోసం కళ్ళు మూసుకుని విల్లు లాగి, తర్వాత తెరవండి. పీప్ కంటికి ఎదురుగా లేకపోతే జరిపించి, పైనా కిందా దారంతో కట్టించండి. బో ప్రెస్ లేకుండా ఇంట్లో తాడు విప్పొద్దు, షాపుకే ఇవ్వండి.