టెడ్ కార్బిట్: పరుగు దారికి సరైన కొలత ఇచ్చిన మనిషి

థియోడర్ 'టెడ్' కార్బిట్ (31 జనవరి 1919 – 12 డిసెంబర్ 2007) అమెరికాకు చెందిన దూరపు పరుగుల క్రీడాకారుడు, వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్ట్. ఒలింపిక్ మారథాన్‌లో పరుగెత్తిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే. మారథాన్లు, అంతకంటే పొడవైన పరుగులు కలిపి 199 పూర్తి చేశారు. పరుగు ఆయనకు జీతం ఇచ్చే పని కాదు. రోజంతా నౌకరీ చేస్తూ, మిగిలిన వేళల్లో పరుగెత్తి, ఇంకా మిగిలిన టైమంతా ఆ క్రీడ కోసమే ఖర్చు పెట్టారు. అమెరికాలో ఆయన్ని 'దూరపు పరుగుల పితామహుడు' అంటారు.

బాల్యం, చదువు

దక్షిణ కరోలినా రాష్ట్రంలోని డన్‌బార్టన్ దగ్గర పత్తి పండించే కుటుంబంలో కార్బిట్ పుట్టారు. ఆయన తాతల తరం బానిసత్వంలో బతికింది. చిన్నప్పుడే కుటుంబం ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటీకి వలస వెళ్లింది. సిన్సినాటీ యూనివర్సిటీలో చదువుతూ ట్రాక్ పోటీల్లో పాల్గొన్నారు. అవి వర్ణవివక్ష రోజులు. నల్లవారితో కలిసి పరుగెత్తబోమని తెల్లవారు పట్టుబడితే, కొన్ని పోటీల్లో ఆయనకు చోటే దొరికేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేశాక న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. ఫిజియోథెరపీ చదివి, వికలాంగులకు చికిత్స చేసే ఒక కేంద్రంలో 40 ఏళ్లకు పైగా పనిచేశారు. అక్కడ న్యూయార్క్ పయనీర్ క్లబ్‌లో చేరారు. 1936లో హార్లెమ్‌లో మొదలైన ఈ క్లబ్ నల్లవారు, తెల్లవారు అనే తేడా లేకుండా అందరినీ చేర్చుకునేది.

పరుగు

1951లో బోస్టన్‌లో తొలి మారథాన్ పరుగెత్తి 15వ స్థానంలో నిలిచారు. అప్పటికి ఆయన వయసు 32. మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌కు ఎంపికయ్యారు. ఎమిల్ జటోపెక్ గెలిచిన ఆ మారథాన్‌లో కార్బిట్ 44వ స్థానంలో వచ్చారు. 1954లో అమెరికా జాతీయ మారథాన్ ఛాంపియన్ అయ్యారు.

ఆయన సాధన గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. చాలా రోజులు ఇంటి నుంచి పనికి పరుగెత్తుకుంటూనే వెళ్లేవారు. సెలవు దొరికితే మన్‌హట్టన్ దీవి చుట్టూ ఒక రౌండు, అంటే సుమారు 50 కిలోమీటర్లు. కొన్నిసార్లు రెండు రౌండ్లు కూడా.

వయసు పెరిగేకొద్దీ దూరమూ పెరిగింది. 1969లో, 50 ఏళ్ల వయసులో, ఇంగ్లండ్‌లో 100 మైళ్లు 13 గంటల 33 నిమిషాల్లో పరుగెత్తారు. 1973లో, 54 ఏళ్ల వయసులో, 24 గంటల్లో 134.7 మైళ్లు, అంటే దాదాపు 217 కిలోమీటర్లు వెళ్లారు. ఆ తర్వాత ఉబ్బసం వచ్చి పోటీ పరుగు ఆగిపోయింది. అయినా కాళ్లు ఊరుకోలేదు. 2001లో, 82 ఏళ్ల వయసులో, ఆరు రోజుల పోటీలో 303 మైళ్లు నడిచారు.

దూరం కొలిచే పద్ధతి

క్రీడకు ఆయన చేసిన పెద్ద సేవ ఇదే. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. కానీ అప్పట్లో చాలా చోట్ల ఆ దూరాన్ని కారు మీటరు చూసి సరిపెట్టేవారు. ఆయన మొదట పరుగెత్తిన బోస్టన్ మార్గమే 1951 నుంచి 1956 దాకా కిలోమీటరుకు పైగా తక్కువ ఉందని తర్వాత బయటపడింది. దారే పొట్టిదైతే టైముకు, రికార్డుకు అర్థం ఏముంటుంది? ఒక ఊళ్లో పరుగెత్తినవారిని మరో ఊళ్లో పరుగెత్తినవారితో ఎలా పోలుస్తారు?

బ్రిటన్‌లో జాన్ జ్యూవెల్ అప్పటికే సైకిల్‌తో కొలిచే పద్ధతిని పరీక్షించి రాశారు. కార్బిట్ దాన్ని అధ్యయనం చేసి, 1964లో రోడ్డు పరుగు మార్గాల కొలతపై ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. అమెరికాలో మార్గాలను తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి అక్కడి నుంచే మొదలైంది.

పద్ధతి చూడటానికి సులువే. ముందు స్టీల్ టేపుతో ఒక తిన్నని దూరం కొలుస్తారు. సైకిల్‌పై ఆ దూరం వెళ్లి, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్క కడతారు. తర్వాత అదే సైకిల్‌తో పోటీ మార్గమంతా, మలుపుల్లో అంచుకు దగ్గరగా, అతి పొట్టి గీత వెంట వెళతారు. ఎండకు టైర్లలో గాలి మారుతుంది కాబట్టి చివర్లో మళ్లీ సరిచూస్తారు. దూరం తగ్గకుండా ప్రతి కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. మారథాన్‌కు అది 42 మీటర్లు. 1971లో వచ్చిన జోన్స్ కౌంటర్ అనే చిన్న పరికరం చక్రం లెక్కను మరింత తేలిక చేసింది.

ఈ రోజు హైదరాబాద్‌లోనైనా, టోక్యోలోనైనా రోడ్డు పరుగు మార్గానికి అంతర్జాతీయ గుర్తింపు కావాలంటే ఈ సైకిల్ కొలతే ప్రమాణం.

సంస్థలు, గుర్తింపు

1958లో మొదలైన న్యూయార్క్ రోడ్ రన్నర్స్‌కు ఆయనే తొలి అధ్యక్షుడు. అమెరికా రోడ్ రన్నర్స్ క్లబ్‌కు మూడో అధ్యక్షుడిగానూ పనిచేశారు. 1970లో సెంట్రల్ పార్క్‌లో జరిగిన తొలి న్యూయార్క్ సిటీ మారథాన్‌కు మార్గం ఏర్పాటు చేసినవారిలో ఆయన ఒకరు. ఆ రోజు బయల్దేరింది 127 మంది, చివరిదాకా వచ్చింది 55 మంది. 1976లో అది నగరంలోని ఐదు భాగాలకూ విస్తరించినప్పుడు కూడా ఆయన చేయి ఉంది. 40 ఏళ్లు దాటినవారికి విడిగా పోటీలు ఉండాలని పనిచేసినవారిలోనూ ముందున్నారు.

1998లో అమెరికా దూరపు పరుగుల హాల్ ఆఫ్ ఫేమ్ మొదలైనప్పుడు, అందులో చేరిన తొలి బృందంలో కార్బిట్ ఉన్నారు. న్యూయార్క్‌లో ఆయన పేరిట 15 కిలోమీటర్ల పరుగు జరుగుతోంది. ఆయన రికార్డులను తర్వాతి వాళ్లు దాటేశారు, క్రీడలో అది మామూలే. కానీ ఒకప్పుడు రంగు చూసి పోటీకి రానివ్వని మనిషి, అందరికీ ఒకే కొలత ఉండాలని పట్టుబట్టి సాధించారు. ఆ కొలత మాత్రం అలాగే నిలిచి ఉంది.