మీటకు, స్వరమునకు నడుమ

శ్రీకాకుళము చెంతనున్న ఎచ్చెర్లలో, ఒక విద్యార్థి ఇంట, ఇటీవల మేమొక చిన్న పరీక్షను చూచితిమి. బల్లపై కంప్యూటరు, దాని ప్రక్క మిడి కీబోర్డు. కుఱ్ఱవాడు మీట నొక్కెను, చప్పుడు లేదు. అతని తాతగారు పద్యనాటకములకు హార్మణీ వాయించినవారు. వారు కీబోర్డును వెనుకా ముందూ పరికించి, "దీనికి తిత్తి ఏదిరా?" అని అడిగిరి.

ఆ ప్రశ్న వెనుక ఒక చరిత్ర యున్నది. హార్మణీలో మీట నొక్కినంతనే తిత్తిలోని గాలి వెడలి రీడును మ్రోగించును. మీటయు స్వరమును ఒక్క పెట్టెలోనివే. ఆ స్వరము ఉన్నచోటనే యుండును గాని జారదు, గమకము పలుకదు. వయొలిన్ మాత్రము సీమనుండి వచ్చినది కాదా? అయినను, 1919లో వెలసిన విజయనగరము సంగీత కళాశాలలో బోధించిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వంటివారి చేతిలో అది మన వాద్యమే అయినది. తంత్రిపై వ్రేలు జారును గదా! హార్మణీకి ఆ భాగ్యము లేకపోయెను. 1940 మార్చి 1 నుండి ఆలిండియా రేడియో దానిని వెలివేసినది; 1971లో గాని ఆ కట్టు సడలలేదు. నాటకరంగము ఆ వెలిని లక్ష్యపెట్టలేదు. మా పక్షపాతమును దాచుకొననేల? హార్మణీ శ్రుతి వినబడనిదే తెర లేచినట్లు మాకు తోచదు.

మీటను స్వరమునుండి విడదీసినది మిడి. 1983 జనవరిలో, అమెరికాలోని ఒక వాద్యప్రదర్శనలో, డేవ్ స్మిత్ సంస్థవారి వాద్యమును, జపానునకు చెందిన రోలాండ్ వాద్యమును తీగతో కలిపి చూపిరి. ఆ తీగలో నాదము ప్రవహింపదు. "60వ సంఖ్య మీట ఇంత బలముతో నొక్కబడినది" అను వార్త మాత్రమే పోవును. నాదమును కల్పించుట వేఱొకరి పని.

లినక్సులో ఆ వార్తలను చేరవేయునది ఆల్సా. 2003 నాటి 2.6 కెర్నెల్‌తో అది అందఱకును అందినది. అందు కీబోర్డునకొక సంఖ్య, నాదమును కల్పించు ఫ్లూయిడ్‌సింథ్‌కొక సంఖ్య యుండును. రెంటిని కలుపుట తఱచు వాయించువాని బాధ్యతయే. కావున నిశ్శబ్దము ఎచ్చట దాగినదో మెట్టు మెట్టుగా వెదకవలెను. విద్యార్థి మొదట ఏసీక్‌డంప్ అను ఆదేశమిచ్చి మీట నొక్కెను. తెరపై 60 కనబడెను. అనగా మీటయు తీగయు క్షేమము. పిమ్మట ఏకనెక్ట్ పట్టికను చూడగా, రెండు సంఖ్యలకును లంకె లేదు. 24:0ను 128:0తో కలిపెను. మీట పలికెను! అప్పటికిని పలుకకున్నచో, సౌండ్‌ఫాంట్ ఎక్కినదా, స్పీకరునకు దారి యున్నదా అని చూడవలసి యుండెడిది.

తాతగారు కీబోర్డు అంచుననున్న చక్రమును త్రిప్పిరి. స్వరము రెండు అర్ధస్వరముల మేర మీదికి జారి, మరల దిగెను. వారు మాట్లాడక మఱల మఱల త్రిప్పిరి. ఒకే చానెలులో రెండు మీటలు నొక్కినచో రెండును కలిసియే జారునని మనుమడు లోపమును చెప్పబోయెను.

"పద్యానికి ఒకటి చాలురా" అనిరి తాతగారు.