నాసిక్ ద్రాక్షతోటలకు వెళ్లే మన కుటుంబాలకు

మనవాళ్లు నాసిక్ వెళ్తే త్ర్యంబకేశ్వరం, పంచవటి చూసి వస్తారు. యానాం దాకా పారే మన గోదావరి పుట్టేది అక్కడే. ఇప్పుడు పిల్లలు ద్రాక్షతోటలు కూడా చూద్దామంటున్నారు. షోలాపూర్, భివండీ, ముంబై కుటుంబాల సౌకర్యార్థం ఈ వివరాలు ఇస్తున్నాం.

తోటలు: గంగాపూర్ డ్యామ్ పరిసరాల్లో, దిండోరి వైపు వైన్ తయారీశాలలున్నాయి. సులా సంస్థ 1999లో ఏర్పడింది. కోతల కాలం జనవరి నుంచి మార్చి. తయారీ చూపించి, కొన్ని రకాలు కొద్దికొద్దిగా రుచికి పోస్తారు.

తిండి: ఉదయం మిసళ్ పావ్ తినాలి. మొలకల కూర మీద ఘాటైన రస్సా, కారప్పూస వేసి ఇస్తారు. మధ్యాహ్నం పిఠ్లా, భాకరీ. శనగపిండి కూర, జొన్నరొట్టె మన పెద్దలకు కొత్తేమీ కాదు.

సాయంకాలం: ఇది పల్లెపట్టు, పట్నపు సందడి ఆశించవద్దు. తోటల నడుమ సూర్యాస్తమయం, నిదానంగా భోజనం, అదే అందం. శని, ఆదివారాలకు గది ముందే చెప్పుకోవాలి.

జాగ్రత్తలు: మహారాష్ట్రలో వైన్‌కు 21 ఏళ్లు నిండాలి. డ్రై డే నాడు అమ్మరు. "ద్రాక్షరసమే కదా" అనుకోవద్దు, అందులో సాధారణంగా 12 నుంచి 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే బండి నడపడం నేరం. బండి తాళాలు తాగనివారి దగ్గరే ఉండాలి. డ్రైవరుకు మర్యాదకైనా గ్లాసు అందించవద్దు. వద్దన్న పెద్దలను బలవంతపెట్టవద్దు. రాత్రి ఆ దారిలో బండ్లు దొరకడం కష్టం గనుక తిరుగు బండి పగలే మాట్లాడుకోండి.